బడి ఎన్నిక మీద యానిమేషన్ కుటుంబ హాస్యం: మీ స్క్రిప్టులో ఇల్లు ఎక్కడ తప్పిపోయింది?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి క్లుప్తంగా చెప్పుకుంటాను. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతి చదివే వెన్నెల అనే అమ్మాయి స్కూల్ లీడర్ ఎన్నికలో నిలబడుతుంది. నాన్న, అమ్మ, నానమ్మ, తమ్ముడు బుజ్జి ఆమె కుటుంబం. ఇరవై రెండు నిమిషాల యానిమేషన్ కుటుంబ హాస్యంగా దీన్ని రెండుసార్లు రాశారు. చదివినవాళ్లంతా ఇది రాజకీయ వ్యంగ్యంలా ఉంది తప్ప ఇంటి కథలా లేదని అన్నారు. ఎక్కడ తప్పు జరిగింది, చివర వెన్నెలను గెలిపించాలా, ఓడించాలా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ నగరంలోని స్టూడియోలలో స్టోరీబోర్డులు, అంటే కథను దృశ్యం తర్వాత దృశ్యంగా చూపే బొమ్మలు, వేస్తూ, పిల్లల ధారావాహికలకు స్క్రిప్టులు రాస్తూ ఉన్నాను. మీరు జతచేసిన పది పేజీలు రెండుసార్లు చదివాను. మీకు సంభాషణ రాయడం వచ్చు, నవ్వు ఎక్కడ పుడుతుందో కూడా తెలుసు. అయితే మీ నవ్వులన్నీ బడి ఆవరణలోనే, మైకు ముందే పుడుతున్నాయి. ఇంట్లోవాళ్లు ఆ నవ్వులకు ప్రేక్షకులుగా మిగిలిపోయారు. ఎన్నిక బడిలో జరిగినా, దానివల్ల తలకిందులయ్యేది ఇల్లే కావాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి అంశం మీదే పదకొండు నిమిషాల ఎపిసోడ్ ఒకటి రాశాను. అభ్యర్థి మీద పూలు కురిపించే జేసీబీ, గోడ నిండా ఫ్లెక్సీలు, గజమాల, వాగ్దానాల వర్షం అన్నీ అందులో ఉన్నాయి. స్టోరీబోర్డు ఫ్రేములకు తాత్కాలిక గొంతులు జోడించి యానిమాటిక్ తయారుచేశాక, విద్యానగర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు తొమ్మిది మందిని హాల్లో చాప మీద కూర్చోబెట్టి చూపించాను. జేసీబీ దగ్గర ఒక్కరూ నవ్వలేదు. వాళ్లు పగలబడి నవ్వింది నేను అతుకుగా మాత్రమే పెట్టుకున్న పద్నాలుగు సెకన్ల దృశ్యానికి. అందులో అమ్మ పళ్ల మధ్య దువ్వెన పట్టుకుని కూతురికి జడ వేస్తూ ఉంటుంది. కూతురు ఉపన్యాసం వల్లిస్తూ ఉంటుంది. ఒక్కో వాగ్దానానికి అమ్మ పాయ బిగించి లాగుతుంది, అమ్మాయి తల వెనక్కి వెళ్లి వస్తుంది. "హోంవర్క్ ఉండదు" అన్న వాగ్దానం రాగానే అమ్మ చేతులు ఆగిపోతాయి. దువ్వెన నోట్లోంచి తీయకుండానే "ఊఁ?" అంటుంది. అంతే. ఆ పిల్లలకు రాజకీయ నాయకులతో పరిచయం లేదు కానీ ఆ జడ లాగడం మాత్రం రోజూ ఉదయం ఏడున్నరకు అనుభవమే. ఆ ఎపిసోడ్‌ను ఆ పద్నాలుగు సెకన్ల నుంచి మొదలుపెట్టి మళ్లీ రాశాను.

ఈ రకం కథలకు ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఒకటుంది. "ది సింప్సన్స్" అనే అమెరికన్ యానిమేషన్ ధారావాహిక రెండో సీజన్‌లో 1991 ఏప్రిల్‌లో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో బార్ట్ అనే అబ్బాయి తరగతి ఎన్నికలో నిలబడతాడు. తరగతి అంతా అతని వైపే ఉంటుంది. కానీ గెలిచేశామన్న సంబరంలో అతని మద్దతుదారులే కాదు, అతను కూడా ఓటు వేయడు. మార్టిన్ అనే బుద్ధిమంతుడు రెండు ఓట్లతో గెలుస్తాడు, బార్ట్‌కు సున్నా. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ ఎపిసోడ్‌లో ఎన్నిక ప్రధాన కథ కాదు. ప్రధాన కథ బార్ట్ చెల్లెలు లీసాకూ, తాత్కాలికంగా వచ్చిన ఒక ఉపాధ్యాయుడికీ మధ్య నడుస్తుంది. ఎన్నిక పక్క దారి. రెండూ చివరకు వచ్చి చేరేది ఇంట్లో, ఇద్దరు పిల్లల పడకగదుల్లో, ఓదార్చడం సరిగా చేతకాని ఒక తండ్రి దగ్గర. ఆ పదవి వస్తే డబ్బేమైనా వచ్చేదా, అదనపు పనేగా మిగిలేది అని ఆ తండ్రి కొడుకుతో అంటాడు. ఓట్ల లెక్కింపు దృశ్యం కంటే ఆ రాత్రి సంభాషణే చూసినవాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. మీరు దాన్ని అనుకరించమని నేను అనడం లేదు. ఎన్నిక ఎంత బరువు మోయగలదో, ఎక్కడ ఆ బరువును ఇంటికి అప్పగించాలో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక మీ స్క్రిప్టులోకి వస్తాను. మీరు ముందుగా చేయవలసిన పని ఎన్నిక పరిమాణాన్ని తగ్గించడం. మీ బడిలో ఆరు వందల మంది ఓటర్లు ఉన్నారు. ఆరు వందలు అంటే ప్రేక్షకుడికి ఒక గుంపు మాత్రమే, ఏ ఒక్క ఓటు వెనుకా ముఖం కనిపించదు. స్కూల్ లీడర్ ఎన్నికను క్లాస్ లీడర్ ఎన్నికగా మార్చండి. హాజరుపట్టీలో నలభై రెండు పేర్లు ఉన్నాయనుకోండి. అప్పుడు ప్రతి ఓటునూ వేలు మడిచి లెక్కపెట్టవచ్చు, ప్రతి ఓటరుకూ ఒక ఇల్లు, ఒక టిఫిన్ బాక్సు ఉంటాయి, నానమ్మ ఆ నలభై రెండు మందినీ పేర్లతో సహా గుర్తుపెట్టుకోగలదు.

రెండోది వెన్నెల కోరిక. బడిని మార్చేస్తానని ఆమె చేత చెప్పించారు. అది పెద్దవాళ్లు పిల్లల నోట పెట్టే మాట. పదకొండేళ్ల పిల్లకు కావలసినది ఇంకా చిన్నది, అందుకే ఇంకా తీవ్రమైనది. తెలుగు రాష్ట్రాల్లో ఏ బడిలో చదివినవాళ్లకైనా వెంటనే తెలిసే బాధ ఒకటుంది: ఆటల పీరియడ్ రాగానే లెక్కల సారు తలుపు దగ్గర నిలబడి, సిలబస్ కాలేదని ఆ పీరియడ్ తీసేసుకోవడం. క్లాస్ లీడర్ అయితే స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లి ఆ మాట అడిగే హక్కు ఉంటుందని వెన్నెల నమ్ముతుంది. అది ఆమె తరగతికి చెప్పే కారణం. ఎవరికీ చెప్పని కారణం ఇంకొకటి ఉండాలి. నేనైతే బీరువాలో చిన్న డబ్బాలో దాచిన అమ్మ పాత లీడర్ బ్యాడ్జిని ఎంచుకుంటాను. దాన్ని ఒకసారి పెట్టుకుని చూస్తుండగా అమ్మ చూసి, ఏమీ అనకుండా డబ్బా మూసి లోపల పెట్టేస్తుంది. ఎందుకు మూసిందో ప్రేక్షకుడికి చాలాసేపు తెలియకూడదు.

ఇప్పుడు అసలు గని దగ్గరకు వచ్చాం. మన ఇళ్లలో ఎన్నికల గురించి తెలియని పెద్దవాళ్లు లేరు. అందరికీ తెలిసిన ఎన్నిక ఒకటి కాదు, ఎవరి ఎన్నిక వాళ్లది. మీ కుటుంబంలోని ప్రతి ఒక్కరూ తమకు తెలిసిన పెద్ద ఎన్నికను తెచ్చి ఈ చిన్న ఎన్నిక మీద ప్రేమతో పరచాలి. హాస్యం ఆ ప్రేమలోంచి రావాలి.

మీ కథలో నాన్న "ఆఫీసులో పనిచేస్తాడు" అని మాత్రమే ఉంది. ఆయనను ప్రభుత్వ ఉద్యోగిని చేసి, అయిదారుసార్లు ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగ్ కేంద్రం బాధ్యుడిగా, ఎన్నికల డ్యూటీ చేసినవాడిగా మార్చండి. ఆయనకు గెలుపోటములతో పని లేదు, పోలింగ్ పద్ధతిగా జరగాలి. అసలు పోలింగ్ మొదలయ్యే ముందు అభ్యర్థుల ఏజెంట్ల సమక్షంలో నమూనా పోలింగ్ జరపాలనీ, అందులో కనీసం 50 ఓట్లు వేసి చూడాలనీ ఎన్నికల సంఘం నిబంధన ఉంది. తరగతిలో ఉన్నదే నలభై రెండు మంది. ఆయన క్లాస్ టీచరుకు ఎంతో మర్యాదగా ఉత్తరం రాస్తాడు, మిగిలిన ఎనిమిది ఓట్లకు ఏడో తరగతి వాళ్లను అడగవచ్చా అని. వేలి సిరా విషయం కూడా ఆయనకు ప్రాణసంకటమే. చెరగని సిరా 1962 నుంచి మైసూరులోని ప్రభుత్వ సంస్థ మైసూర్ పెయింట్స్ తయారుచేస్తోంది, అది బయట దుకాణాల్లో అమ్మరు. అందులోని సిల్వర్ నైట్రేట్ వెలుతురు తగిలి నల్లబడుతుంది, గోరు పెరిగితే తప్ప ఆ మచ్చ పోదు. బడిలో వాడేది స్కెచ్ పెన్ను. రాత్రి భోజనాల దగ్గర బుజ్జి వేలికి స్కెచ్ పెన్ను గీత గీసి, పప్పన్నం కలుపుతుంటే అది ముద్దలో కరిగిపోవడాన్ని నాన్న కళ్లారా చూస్తాడు. ఆయన ముఖంలో రాజ్యాంగం కూలిపోయినంత ఆవేదన కనిపించాలి. దాన్ని వెక్కిరింపుగా గీయకండి. ఆ మనిషి నిజంగానే అంత శ్రద్ధ గలవాడు, ప్రేక్షకుడు ఆయనను గౌరవిస్తూనే నవ్వాలి.

నానమ్మది వేరే ఎన్నిక. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించారు. అలా నల్లగొండ వైపు ఒక ఊళ్లో వార్డు మెంబరుగా గెలిచిన మనిషి ఆమె. ఉపన్యాసాల మీద ఆమెకు నమ్మకం లేదు. ఓటు అడగాలంటే గడప తొక్కాలి, బొట్టు పెట్టి అడగాలి. మరునాడు వెన్నెల కంపాస్ బాక్సులో కుంకుమ భరిణె ఉంటుంది. ఆమెకు తెలిసిన రెండో విద్య ఏకగ్రీవం. ఇందిరా పార్కులో ఉదయం నడకకు వెళ్లినప్పుడు, ఎదుటి అభ్యర్థి కార్తీక్ తాతయ్య అక్కడే నడుస్తాడని తెలుసుకుని, ఆయనతో సిమెంటు బల్ల మీద కూర్చుని రాజీ మొదలుపెడుతుంది. ఈసారి మీవాణ్ని తప్పించండి, వచ్చే ఏడు మా పిల్ల తప్పుకుంటుంది. ఇద్దరు ముసలివాళ్లు ఎంతో హుందాగా, ఎవరి మనవల భవిష్యత్తు మీద వాళ్లు బేరమాడుతూ ఉంటే, వాళ్ల వెనక బుజ్జి ఊయల ఊగుతూ అన్నీ వింటాడు. బుజ్జి విన్నాడంటే బడికి చేరినట్టే. మీ కథలో రెండో భాగానికి కావలసిన గొడవ ఇక్కడే పుడుతుంది, బడిలో దొంగ ఓటు కుట్రలు కల్పించే అవసరం లేదు.

అమ్మను మాత్రం తొందరపడి హాస్యానికి వాడకండి. ఈ ఇంట్లో నిజంగా పదవి లేకుండా పదవి పని చేస్తున్నది ఆమె ఒక్కతే. అపార్ట్‌మెంట్‌లో వేసవిలో నీళ్ల ట్యాంకరు ఏ రోజు రావాలి, డబ్బు ఎవరు ఎంత ఇవ్వాలి, రెండో అంతస్తు వాళ్లు మోటారు ఎందుకు ఎక్కువసేపు వేశారు అన్న తగువులన్నీ ఆమె ఫోనుకే వస్తాయి. నాయకత్వం అంటే రాత్రి పదింటికి మోగే ఫోను అని తెలిసిన మనిషి కాబట్టే బ్యాడ్జి డబ్బా మూసేసింది. ఆ మాట ఆమె నోట ఎక్కడా చెప్పించకండి.

బడి నియమాల విషయంలో మీరు చాలా సడలించి రాశారు. నామినేషన్ ఎప్పుడు వేశారో, గుర్తులు ఎలా వచ్చాయో స్పష్టంగా లేదు. ఈ రకం హాస్యానికి నియమం ఎంత ఖచ్చితంగా ఉంటే నవ్వు అంత గట్టిగా వస్తుంది. ఒక ఉదాహరణ పూర్తిగా విప్పి చూపిస్తాను. తెలంగాణలో బడులు జూన్‌లో తెరుస్తారు, లీడర్ ఎన్నికలు సాధారణంగా ఆ తర్వాతి వారాల్లో, అంటే వానలు పడుతున్న రోజుల్లో జరుగుతాయి. గ్రామ పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు, ఉంగరం, కత్తెర వంటి మామూలు వస్తువులే గుర్తులు. టీచరు కూడా అలాంటి గుర్తులే ఎంచి, చీటీలు వేసి కేటాయిస్తుంది. వెన్నెలకు గొడుగు వస్తుంది. పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపల ప్రచారం చేయడం, ఎన్నికకు సంబంధించిన గుర్తు ప్రదర్శించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 130వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. నాన్న ఈ సంగతి ముందు రోజు రాత్రే కూతురికి బోధించాడు. పోలింగ్ రోజు కుండపోత. బడి గేటుకు వంద మీటర్ల దూరంలో, జిరాక్స్ దుకాణం ముందు, వెన్నెల నిజాయితీగా గొడుగు ముడిచి సంచిలో పెట్టుకుని తడుస్తూ నడుస్తుంది. ఆమె తలెత్తి చూసేసరికి బడి ఆవరణ నిండా గొడుగులు. వాన పడుతోంది కాబట్టి కార్తీక్ పక్షం వాళ్లతో సహా ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ ఆమె గుర్తును నెత్తిన పట్టుకుని వస్తున్నారు. కార్తీక్ ఫిర్యాదు చేస్తాడు. టీచరు తన చేతిలోని గొడుగు వైపు చూసుకుంటుంది. ఇందులో ఎవరూ మూర్ఖులు కారు, ఎవరూ చెడ్డవారు కారు. నియమమూ వానా ఒకేసారి వచ్చాయి, అంతే. మీ రెండో డ్రాఫ్టులో ప్రిన్సిపల్ అవినీతి మీద రాసిన మూడు పేజీల కంటే ఈ ఒక్క నిమిషం ఎక్కువ పనిచేస్తుంది. ఆ మూడు పేజీలూ తీసేయమనే నా సలహా. నోటా మీద రాసిన హాస్యాన్ని కూడా తీసేయండి. పదకొండేళ్ల పిల్ల ఎవరికీ అక్కర్లేదని తేలడం చూడటానికి బాధగా ఉంటుంది, ఆ బాధను మోసే చోటు మీ కథలో లేదు.

నిర్మాణం గురించి కూడా ఆలోచించి రాయాలి, ఎందుకంటే రాసిన ప్రతి వాక్యాన్నీ ఎవరో ఒకరు కదిలించాలి. ఇరవై రెండు నిమిషాలంటే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 31,680 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా 15,840 బొమ్మలు. ఇప్పుడు చాలా స్టూడియోలు కీళ్లు అమర్చిన డిజిటల్ బొమ్మలతో పనిచేస్తున్నాయి కాబట్టి అన్నీ చేత్తో గీయనక్కరలేదు, కానీ గుంపు ఎప్పుడూ ఖరీదైనదే. మీరు ప్రార్థన సమావేశాలు నాలుగు రాశారు. ఒక్కో దానిలో వందల మంది పిల్లలు రెప్పలు కొట్టాలి, చప్పట్లు కొట్టాలి. నిర్మాత బడ్జెట్ చూసి వాటిని తగ్గించమంటాడు, అప్పుడు వాళ్లు మీ కథలో కోయకూడని చోట కోస్తారు. ముందే మీరు వేరే దారి వెతుక్కోవాలి.

నాకు తోచిన దారి ఒకటి చెబుతాను. మన బడుల్లో కంప్యూటర్ ల్యాబులోకి బూట్లు విప్పి వెళ్లాలన్న నియమం ఉంటుంది. చాలా బడుల్లో ఇప్పుడు పిల్లల ఎన్నికకు ఓటింగ్ యంత్రం లాంటి యాప్ వాడుతున్నారు, కాబట్టి పోలింగ్ ల్యాబులోనే పెట్టండి. గోడ పొడవునా నల్ల బూట్ల వరుస, పైన కిటికీ ఊచలకు తగిలించిన తడి గొడుగులు. బూట్లకు రెప్పలు లేవు, పెదవులు లేవు, ఒకసారి గీస్తే చాలు. ఒక్కో జత వచ్చి చేరుతుంటే పోలింగ్ శాతం పెరుగుతోందని అర్థమవుతుంది, ఒక్కో జత వెళ్లిపోతుంటే ఓటు పడిందని తెలుస్తుంది. లేసులు ముడి వేయడం రాని పిల్లవాడి బూట్లు, ఒక సాక్సు నీలం ఒక సాక్సు తెలుపు ఉన్న పిల్ల, అన్నయ్య పాత బూట్లలో కాగితాలు కూరి వేసుకొచ్చినవాడు, వీళ్లందరినీ ముఖం గీయకుండానే పరిచయం చేయవచ్చు. నలభై రెండు మంది నలభై రెండు ఇళ్ల నుంచి వచ్చారని ఆ వరుస ఒక్కటే చెబుతుంది. వాన తెర ఒక్కటి తయారుచేసుకుంటే అన్ని దృశ్యాలకూ వాడుకోవచ్చు. కానీ తడిసిన వెన్నెలకు జుట్టు, దుస్తులు వేరుగా రూపకల్పన చేయాలి కాబట్టి ఆ ఖర్చును ఆ ఒక్క దృశ్యానికే పరిమితం చేయండి.

భాష గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీ స్క్రిప్టులో నాన్న, అమ్మ పుస్తక భాష మాట్లాడుతున్నారు, వాచ్‌మన్, ఆయమ్మ మాత్రమే తెలంగాణ యాసలో మాట్లాడుతున్నారు. ఒక ప్రాంతపు మాటను నవ్వుకోసమే వాడటం తప్పు. అది ఈ నగరంలో ఏ బడిలోనూ నిజం కూడా కాదు. నానమ్మ నల్లగొండ మనిషైతే ఇంట్లో అందరికంటే తూకంగా మాట్లాడేది ఆమే కావాలి, ఆ మాట ఆ యాసలోనే రావాలి. అమ్మది గుంటూరు వైపైతే ఆమె పలుకుబడి వేరుగా ఉంటుంది, పిల్లలిద్దరూ బడిలో ఒక తెలుగు, నానమ్మ దగ్గర ఒక తెలుగు, ఆటస్థలంలో హిందీ కలిసిన ఇంకొక తెలుగు మాట్లాడతారు. బుజ్జి ఒకే వార్తను ముగ్గురికి మూడు రకాలుగా మోయడంలోనే మంచి హాస్యం ఉంది.

ఇంకొక మాట. హైదరాబాద్‌లో తయారయ్యే పిల్లల ధారావాహికలు చాలావరకు హిందీలోనో ఇంగ్లిషులోనో మొదలై తెలుగులోకి డబ్ అవుతాయి. అప్పటికే పెదవుల కదలిక ఖరారై ఉంటుంది కాబట్టి తెలుగు మాటను ఆ కొలతకు కుదించవలసి వస్తుంది. మీకు తెలుగులోనే మొదలుపెట్టే అవకాశం ఉంది, దాన్ని వదులుకోకండి. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, మాట అయిపోయినా నోరు ఒక క్షణం తెరుచుకునే ఉంటుంది. "ఏకగ్రీవమా?" అన్నాక నాన్న నోరు అలాగే ఉండిపోవడం యానిమేటరుకు దొరికే బహుమతి. బొమ్మలు గీయడానికి ముందే గొంతులు రికార్డు చేయించండి. పిల్లల పాత్రలకు వీలైతే పిల్లల చేతనే చెప్పించండి, తడబాటు వస్తే ఉంచేయండి.

ఇక గెలుపా ఓటమా అన్న ప్రశ్న. మూడో అభ్యర్థి ఒకరిని చేర్చమని అడుగుతున్నాను, పేరు శీను అనుకుందాం. వెనక బెంచీ నుంచి ఎవరో వేళాకోళంగా అతని పేరు చెబితే, అతను దాన్ని నిజమనుకుని, మర్నాడు ఇంట్లో వాళ్లమ్మ చేత రంగుల చార్టు రాయించుకుని వస్తాడు. ఆ చార్టును జాగ్రత్తగా చుట్టి పట్టుకుని బస్సు దిగడం వెన్నెల చూస్తుంది. అంతకుమించి ఆ దృశ్యంలో ఏమీ జరగకూడదు.

పోలింగ్ రోజు ముగ్గురు గైరుహాజరు. వెన్నెల చివరి ఓటరు. తడి బూట్లు విప్పుతూ గోడ వారన చూస్తుంది. పొద్దున్నుంచి ఆ వరుసలో ఒక జత రానే లేదు. లెక్కింపులో 39 ఓట్లు తేలతాయి: కార్తీక్‌కు 19, వెన్నెలకు 19, శీనుకు 1. ఓట్లు సమానమైతే లాటరీ తీయాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ చెబుతుంది. నాన్న అప్పటికే ఆ సంగతి టీచరుకు రాసి ఉంచాడు కాబట్టి చాక్‌పీసు డబ్బాలో చీటీలు వేస్తారు. కార్తీక్ పేరు వస్తుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇల్లంతా లెక్కలో పడుతుంది. ఆరో వంతు ఓట్లు దాటితేనే డిపాజిట్ దక్కుతుంది, అంటే ఏడు ఓట్లు కావాలి, ఒక్క ఓటుతో ఆ పిల్లవాడికి డిపాజిట్ గల్లంతేనని నానమ్మ తేల్చేస్తుంది. ఆ ఒక్కటీ వాడి ఓటే అయి ఉంటుందని కూడా అంటుంది. బుజ్జి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ, శీనుకు జ్వరం కదా, ఇవాళ బడికే రాలేదు అంటాడు. నాన్న కాగితం మీద గైరుహాజరైనవాళ్ల పేర్లు సరిచూస్తాడు. 2004లో కర్ణాటకలోని సంతేమరహళ్లిలో, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయిన అభ్యర్థుల సంగతి ఆయన వారం రోజులుగా ఇంట్లో పదేపదే చెబుతూ వచ్చాడు. ఇప్పుడు ఆ ఊళ్ల పేర్లు ఎత్తబోయి ఆగిపోతాడు. ఆ ఒక్క ఓటు ఎవరిదో అడగాలని ఉంటుంది. ఓటు రహస్యమని ఆ ఇంట్లో అందరికీ నేర్పింది ఆయనే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెరుగు వేయమని అడుగుతాడు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు అమ్మ పళ్ల మధ్య దువ్వెన పట్టుకుని జడ వేస్తూ ఉంటుంది. రిబ్బను ముడి వేశాక, కొంగు ముడిలోంచి పాత బ్యాడ్జి తీసి, యూనిఫాం లోపలి వైపు, ఎవరికీ కనిపించని చోట పిన్నుతో గుచ్చుతుంది. మాట వద్దు, సంగీతం వద్దు. నాలుగు సెకన్లు అలాగే నిలపండి. అది 96 ఫ్రేములు, అందులో కదిలేది అమ్మ చేయి ఒక్కటే, కాబట్టి మీ నిర్మాత కూడా కాదనడు.